పారోస్ దీవిలో వంద గుమ్మాల చర్చి: పాతిక నిమిషాల్లో చూసేది కాదు

గ్రీసులోని పారోస్ దీవిలో డబ్బు దండగ చేసుకోవాలంటే రోజువారీ బస్ టూర్ ఎక్కితే చాలు. మనిషికి 45 యూరోలు. అందులో నావూసా రేవులో భోజనానికి రెండు గంటలు, బీచ్‌లో గంటన్నర, దీవి ముఖ్య పట్టణం పారికియాలోని ఎకాటొందాపిలియాని (అంటే వంద గుమ్మాల) చర్చికి పాతిక నిమిషాలు. ఆ పాతికలోనూ సగం, గైడు అందరినీ ముంగిట్లో ఎండలో నిలబెట్టి వంద గుమ్మాల కథ చెప్పడానికే సరిపోతుంది. లోపలికెళ్లి ఒక చుట్టు తిరిగేసరికి బస్సు హారన్ మోగుతుంది. కోపం ఎందుకంటే, ఈ చర్చి ఓడరేవు నుంచి నడిచి పది నిమిషాలు. ప్రవేశ రుసుము లేదు. పదిహేను వందల ఏళ్లుగా నిలబడి, ఇప్పటికీ పూజలు జరుగుతున్న తొలి క్రైస్తవ కట్టడాలు గ్రీసులో చాలా తక్కువ. అలాంటిదాన్ని కాఫీ విరామంలా ముగించేస్తున్నారు.

మన తెలుగువాళ్లలో గ్రీసు వెళ్లేవాళ్లు ఎక్కువగా సంతోరిని, మికొనోస్ ప్యాకేజీలే తీసుకుంటారు. ఈ రెంటి మధ్యలో పారోస్ ఉంది. రెండు దీవుల ఓడలూ ఇక్కడ ఆగుతాయి కాబట్టి ఒకటి రెండు రాత్రులు కలుపుకోవడం తేలిక. ఏథెన్స్ దగ్గరి పిరియస్ రేవు నుంచి పెద్ద ఓడలో నాలుగు నుంచి ఐదు గంటలు, హైస్పీడ్ కాటమరాన్‌లో మూడు గంటల పైచిలుకు. పెద్ద ఓడలో మామూలు తరగతికి 45 యూరోల దగ్గర పడింది, హైస్పీడ్ అయితే 70 దాటుతుంది. మిగిలే గంటన్నర కోసం ఆ తేడా పెట్టొద్దు. జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్టెమి గాలి వీస్తుంది. గాలి బలాన్ని కొలిచే బొఫోర్ట్ స్కేలు మీద 6, 7 దాటిందంటే ముందు ఆగిపోయేవి కాటమరాన్‌లే. పెద్ద ఓడ ఇంకా నడుస్తూ ఉంటుంది, పైగా డెక్ మీదికి వెళ్లి గాలి పీల్చుకోవచ్చు. కాటమరాన్‌లో సీటుకి అతుక్కుపోవాలి, కడుపులో తిప్పేవాళ్లకి నరకం. తిరుగు విమానం ఉన్న రోజున ఓడ పెట్టుకోకుండా, ముందు రాత్రే ఏథెన్స్ చేరుకోవాలి.

బస గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఓడరేవు రోడ్డు మీద "సముద్రం కనిపించే గది" అని రాసి, రాత్రికి 110 యూరోలు తీసుకునే చోట్లు ఉన్నాయి. కిటికీ తీస్తే సముద్రం నిజంగానే కనిపిస్తుంది, కాకపోతే కార్లు ఓడ ఎక్కడానికి క్యూ కట్టే పార్కింగ్ దాటాక. రాత్రి పొద్దుపోయి వచ్చే ఓడల నుంచి లారీలు దిగుతుంటే అద్దాలు అదురుతాయి. వేడినీళ్లు డాబా మీద సోలార్ ట్యాంకు నుంచే. ఇద్దరు స్నానం చేశాక మూడో మనిషికి చన్నీళ్లే దిక్కు. ఇదంతా అయ్యాక, ఖాళీ చేసేటప్పుడు కౌంటర్ దగ్గర అదనపు పన్ను కాగితం ముందు పెట్టారు. పన్ను నిజమైనదే. గ్రీసు ప్రభుత్వం వాతావరణ విపత్తుల కోసం వసూలు చేసే రుసుము అది. 2025 నుంచి ఏప్రిల్-అక్టోబర్ మధ్య ఒకటి, రెండు స్టార్ల హోటళ్లలో గదికి రాత్రికి 2 యూరోలు, మూడు స్టార్లకి 5, నాలుగుకి 10, ఐదుకి 15. ఆన్‌లైన్‌లో అద్దెకిచ్చే చిన్న అపార్ట్‌మెంట్లకి 8. తప్పు ఎక్కడంటే, బుకింగ్ సమయంలో చెప్పకపోవడం, నగదే ఇవ్వాలని పట్టుబట్టడం. వెంట వచ్చిన పెద్దావిడ నిద్రలేక అప్పటికే విసిగిపోయి ఉన్నారు, ఈ గొడవతో ఆవిడ సగం రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. గది తీసుకునే ముందే "పన్ను కలిపి ఎంత, కార్డు తీసుకుంటారా" అని రాసి అడగండి. జవాబు రాతలో ఉంటే చివర్లో వాదన ఉండదు. అంతకన్నా మంచి మార్గం, చర్చి వెనక సందుల్లో గది చూసుకోవడం. అక్కడ 75, 80 యూరోలకి వేపచెట్టంత నీడ లేకపోయినా, ప్రశాంతమైన పెరడున్న గదులు దొరుకుతాయి. పొద్దున్నే గంటల చప్పుడు వినిపిస్తుంది, అది ఎవరికీ ఇబ్బంది కాలేదు.

ఇక చర్చి. ఓడ దిగగానే ఎదురుగా తెల్లటి గాలిమర కనిపిస్తుంది. దానికి వీపు ఆనించి ఊరివైపు తిరిగితే, ఎడమచేతి వైపు తీరం వెంట నడవాలి. చెట్ల మధ్య ఎత్తైన తెల్లటి గోడ వస్తుంది. భుజాలు, మోకాళ్లు కప్పుకొని వెళ్లాలి. చున్నీ ఒకటి సంచిలో ఉంటే ఆ బెంగే లేదు. ఆదివారం పొద్దున ప్రార్థన నడుస్తున్నంతసేపు లోపల తిరగడం, ఫోటోలు తీయడం మర్యాద కాదు. చూడటానికి రెండుసార్లు వెళ్లండి. పొద్దున తూర్పు కిటికీల వెలుగులో ఒకసారి, టూర్ బస్సులు వెళ్లిపోయాక సాయంత్రం ఇంకోసారి. మొత్తం మీద మూడు గంటలు పెట్టుకోవాలి.

కట్టినదెవరన్న ప్రశ్నకి గైడ్లు ఒకే జవాబు చెబుతారు: రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ తల్లి హెలెనా. 326లో ఆమె యేసును వేలాడదీసిన నిజమైన సిలువను వెతుక్కుంటూ పవిత్రభూమికి వెళ్తూ, తుఫానుకి పారోస్‌లో ఆగి, పని నెరవేరితే ఇక్కడ గుడి కట్టిస్తానని మొక్కుకుందని సంప్రదాయం. అది విశ్వాసం, గౌరవించాలి. కట్టడం చెప్పేది ఇంకొంచెం క్లిష్టంగా ఉంటుంది. నాలుగో శతాబ్దంలో ఇక్కడ మొదటి చర్చి లేచింది. ఈరోజు కనిపించే పెద్ద భాగం ఆరో శతాబ్దంలో, జస్టీనియన్ చక్రవర్తి కాలంలో (527–565) కట్టింది. దీని అడుగున రోమన్ కాలపు కట్టడం ఉంది. గ్రీకు పురాణ వీరుడు హెర్క్యులీస్ సాహసాలు చిత్రించిన మొజాయిక్ (రంగురాళ్ల ముక్కలు పొదిగిన) నేల అక్కడే బయటపడింది. అంటే ఒకే చోట కనీసం మూడు పొరలు. గైడు దీన్ని ఒకే తేదీకి కుదించడంతో అసలు ఆసక్తికరమైనదంతా పోతుంది.

అందుకే చూసే వరుస మార్చుకోవాలి. అందరూ తిన్నగా పెద్ద గుమ్మటం కిందికి వెళ్తారు. అలా కాకుండా ముందు ఉత్తరంవైపు ఆనుకుని ఉన్న సెయింట్ నికోలస్ ప్రార్థనాలయంలోకి వెళ్లండి. ఈ సముదాయంలో అన్నిటికన్నా పాతదని చెప్పేది ఇదే. చిన్నది, మధ్యలో ఒక నడవ, అటూ ఇటూ చెరొకటి. నడవల్ని వేరు చేసే స్తంభాలు డోరిక్ శైలివి, పారోస్ పాలరాతివి, క్రైస్తవానికి ముందున్న గుళ్ల నుంచి తెచ్చినవి. పల్లెం లాంటి సాదా శీర్షం, పై దాకా నిలువు గాళ్లు ఉంటే డోరిక్ అని గుర్తు. ఈ స్తంభాల్ని దగ్గరగా చూశాక పెద్ద చర్చిలోకి వెళ్తే, ఏ రాయి పాత గుడిది, ఏది చర్చి కోసం కొత్తగా చెక్కింది అనేది కన్ను దానంతటదే పట్టుకుంటుంది. గడప రాళ్లు, దిమ్మెలు, దూలాలు, గోడలో ఇమిడిపోయిన చెక్కడపు ముక్కలు చాలా కనిపిస్తాయి. దీవిలో రాతికి కరువు లేదు, అయినా చెక్కి సిద్ధంగా ఉన్న రాయిని వదులుకోలేదు. కొత్తగా తవ్వి, మోసి, చెక్కించడం ఎప్పుడూ ఖరీదే కదా.

పెద్ద చర్చి సిలువ ఆకారపు కట్టడం, మధ్యలో గుమ్మటం. ఇక్కడ తల పైకెత్తి కాసేపు నిలబడాలి. చతురస్రంగా నాలుగు బలమైన ఆధారాలు, వాటి మధ్య నాలుగు కమానులు. గుమ్మటం అంచు గుండ్రం. చతురస్రం మీద గుండ్రటిదాన్ని కూర్చోబెడితే నాలుగు మూలలు ఖాళీగా మిగులుతాయి. ఆ ఖాళీల్ని వంపు తిరిగిన త్రికోణాలతో నింపారు. గుమ్మటం బరువు ఆ త్రికోణాల మీదుగా నాలుగు ఆధారాల్లోకి దిగుతుంది. ఇస్తాంబుల్‌లో 532–537 మధ్య కట్టిన హాగియా సోఫియాలో బ్రహ్మాండమైన కొలతలో వాడిన పద్ధతే ఇక్కడ దీవి కొలతకి తగ్గింది. చిక్కంతా బరువు కిందికే కాకుండా పక్కలకీ తన్నడంలో ఉంది. కమాను కాళ్లు ఎప్పుడూ విడిపోవాలనే చూస్తాయి. సిలువకున్న నాలుగు చేతుల మీది కప్పులు అటూ ఇటూ అదిమిపట్టి ఆ తోపుని ఆపుతున్నాయి. అందుకే ఈ ఆకారం అందం కోసం మాత్రమే కాదు. భూకంపంలో ఒక పక్క పట్టు సడలితే ముందు పగిలేది పై భాగమే. ఈ చర్చి 18వ శతాబ్దపు భూకంపంలో బాగా దెబ్బతింది.

భూకంపం తర్వాత బాగుచేసినవాళ్లు గోడలకి మందంగా గచ్చు పూసి సున్నం వేశారు, ముందువైపు కొత్త రూపం ఇచ్చి గంటల గోపురాలు లేపారు. పాత ఫోటోల్లో ఇది పారోస్ చుట్టుపక్కలున్న సైక్లడీస్ దీవుల్లోని మామూలు తెల్ల చర్చిలాగే ఉంటుంది. 1959 నుంచి 1966 వరకు గ్రీకు వాస్తుశిల్పి అనస్తాసియోస్ ఓర్లాండోస్ ఆధ్వర్యంలో ఆ పూతంతా ఒలిచి, తర్వాత చేర్చిన భాగాలు తీసేసి, ఆరో శతాబ్దపు రూపం వైపు తీసుకెళ్లారు. ఇప్పుడు లోపల కనిపించే రాతిగోడలు, రంగు తేడాలున్న కమాను రాళ్లు ఆ పని ఫలితమే. ఇలా ఒలవడం సరైనదేనా అన్నది న్యాయమైన ప్రశ్న. రెండు శతాబ్దాలకు పైగా దీవి జనం కొలిచిన రూపం పోయింది, అది మళ్లీ రాదు. అయినా ఇక్కడ చేసింది మంచిదే అనిపిస్తుంది. గచ్చు కింద దాగి ఉంటే ఈ రాతి అతుకులు, పాత గుళ్ల ముక్కలు ఎవరికీ తెలిసేవి కావు. చర్చి లోపలి గోడలు ఖాళీగా ఉన్నాయని, చిత్రాలు లేవని నిరాశపడేవాళ్లు ఉంటారు. అక్కడక్కడ కుడ్యచిత్రాల అవశేషాలు ఉన్నాయి కానీ, ఇక్కడికి రావాల్సింది చిత్రాల కోసం కాదు, రాతి కోసం.

బలిపీఠం ముందు పాలరాతి తెర ఉంది, దానికి పవిత్ర చిత్రపటాలు అమర్చారు. మేరీమాత పటం దగ్గర ఊరివాళ్లు ఆగి ముద్దుపెట్టుకుంటారు. వాళ్లకి అడ్డం రాకూడదు. తెర దాటి వెళ్లడానికి అనుమతి లేదు, గుమ్మంలోంచే చూడాలి. బలిపీఠం మీద నాలుగు స్తంభాల పాలరాతి మండపం, దాని వెనక గోడ వంపు వెంట అర్ధవలయంగా పాలరాతి మెట్లు కనిపిస్తాయి. అవి ఎక్కడానికి కావు, మతగురువులు వరుసగా కూర్చునే ఆసనాలు. మధ్యలో ఎత్తుగా ఉన్నది బిషప్‌ది. తొలి శతాబ్దాల చర్చిల్లో ఇది మామూలు ఏర్పాటు, ఇంత బాగా నిలిచినవి అరుదు. పైన పక్క నడవల మీదుగా స్త్రీల కోసం కట్టిన వసారా ఉంది.

థియోక్టిస్తి అనే సాధ్వి కథ కూడా ఈ గోడలకి అల్లుకున్నదే. లెస్బోస్ దీవికి చెందిన ఆమెను సముద్రపు దొంగలు ఎత్తుకెళ్తుంటే పారోస్‌లో తప్పించుకుని, నిర్జనమైపోయిన ఈ చర్చిలో 35 ఏళ్లు ఒంటరిగా తపస్సు చేసిందని ఆమె జీవితకథ చెబుతుంది. ఆ కథ రాసింది పదో శతాబ్దానికి చెందిన నికేతాస్. భక్తి గ్రంథమే అయినా, పారోస్ అప్పుడు దాడులకి ఎంతగా ఖాళీ అయిపోయిందో, పాడుబడి కూడా ఈ చర్చి చూసినవాళ్లని ఎంత ఆశ్చర్యపరిచిందో దాన్నుంచి తెలుస్తుంది. 1537లో ఒట్టోమన్ నౌకాధిపతి బార్బరోసా నౌకాదళం దీవిని మళ్లీ దోచింది. బయట కోటగోడ లాంటి ప్రహరీ అందుకే.

దక్షిణం వైపున్న బాప్తిస్మపు గదిని టూర్‌వాళ్లు దాదాపు చూపించనే చూపించరు. నన్నడిగితే ఈ సముదాయంలో మొదటి స్థానం దీనిదే. నేలలోకి దింపిన సిలువ ఆకారపు తొట్టి, దిగడానికి మెట్లు. పెద్దవాళ్లు ఒకవైపు నుంచి దిగి, నీళ్లలో మునిగి, పైకి వచ్చేవారు. ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల్లో పెరిగినవాళ్లకి ఈ తొట్టి వాడకం ఎవరూ వివరించనక్కర్లేదు. ఇంత ఏర్పాటు చర్చికి పక్కన విడిగా ఎందుకంటే, బాప్తిస్మం కానివాళ్లు అప్పట్లో ముఖ్య ఆరాధనలో పాల్గొనకూడదు. ముందు ఇక్కడ మునగాలి, ఆ తర్వాతే పెద్ద చర్చిలోకి. పసిపిల్లలకే బాప్తిస్మం ఇచ్చే ఆచారం స్థిరపడ్డాక ఇలాంటి పెద్ద తొట్ల అవసరం పోయింది, చాలాచోట్ల పూడ్చేశారు. ఇది మిగిలింది. లోపల చీకటిగా ఉంటుంది, కళ్లు అలవాటుపడటానికి రెండు నిమిషాలు ఇవ్వండి.

గుమ్మాల మాట కూడా చెప్పాలి. 99 గుమ్మాలు దొరికాయని, కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) మళ్లీ గ్రీకుల చేతికి వచ్చినప్పుడు నూరోది బయటపడుతుందని జనంలో కథ. లెక్కపెడుతూ తిరిగితే పిల్లలకి కాలక్షేపం, అంతే. ఇంకో కథ, ఇగ్నేషియస్ అనే శిష్యుడు ఈ చర్చిని కట్టాడని, హాగియా సోఫియా కట్టిన గురువు ఇసిడోర్ వచ్చి చూసి, అసూయతో పైనుంచి తోశాడని, శిష్యుడు పట్టుకోవడంతో ఇద్దరూ కలిసి పడి చనిపోయారని. ముంగిటి ఉత్తరం వైపు గుమ్మం దగ్గర స్తంభాల కింద వంగి కూర్చున్న రెండు బొమ్మలు వాళ్లవేనని చూపిస్తారు. ఒకరు గడ్డం పట్టుకున్నారు, ఇంకొకరు తల. బొమ్మల్ని తప్పకుండా చూడండి, కానీ అవి చర్చికన్నా చాలా పాతవి. గ్రీకుల మద్యం దేవుడు డయోనిసస్ పరివారంలోని సాటిర్లుగా (సగం మనిషి, సగం జంతువు) పండితులు గుర్తించారు. గైడు ఈ మాట చెప్పకుండా కథని చరిత్రగా అమ్మడం నాకు మింగుడుపడదు.

చర్చి ఆవరణలోనే చిన్న బైజాంటిన్ (తూర్పు రోమన్ సామ్రాజ్య కాలపు) మ్యూజియం ఉంది, తీరిక ఉంటేనే చూస్తే చాలు. పురావస్తు మ్యూజియం మాత్రం వదలొద్దు, చర్చికి వెనకాలే. హెర్క్యులీస్ మొజాయిక్ అక్కడే ఉంది. పారోస్ పాలరాతి మీద ఏళ్లవారీగా చరిత్ర చెక్కిన శాసనం ముక్క ఒకటి కూడా. దాని పెద్ద భాగం ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది. వారంలో ఒకరోజు సెలవు, వేళలు కాలాన్ని బట్టి మారతాయి. ముందే చూసుకుని వెళ్లాలి.

భోజనం విషయంలో రెండు అనుభవాలు. మొదటిది రేవు దగ్గర, చేప. మెనూలో 68 యూరోలు అని ఉంటే అది పళ్లెం ధర కాదు, కిలో ధర. వంటకి ముందు తూకం వేయించి, మొత్తం ఎంతవుతుందో అడగకపోతే నలుగురికి 150 దాటిన బిల్లు వస్తుంది. బ్రెడ్ బుట్ట అడక్కుండానే వస్తుంది, మనిషికి ఒకటి ఒకటిన్నర యూరో పడుతుంది. వద్దంటే తీసుకెళ్తారు. సరైన రసీదు ఇవ్వకపోతే డబ్బు చెల్లించనక్కర్లేదని గ్రీసు చట్టమే చెబుతుంది, ఆ నోటీసు మెనూలోనే ఉంటుంది.

రెండోది రెవిథాదా. మార్కెట్ వీధి లోపల సందులో, ఆదివారం మధ్యాహ్నం, 9 యూరోలు. కాబూలీ శనగలు రాత్రంతా నానబెట్టి, ఉల్లిపాయ, ఆలివ్ నూనె, బిర్యానీ ఆకు వేసి, మట్టికుండకి మూతపెట్టి కట్టెల పొయ్యిలో రాత్రంతా మగ్గనిస్తారు. మసాలా ఏమీ ఉండదు. శనగ ఆకారం చెదరదు, నాలుక మీద పెడితే మాత్రం వెన్నలా కరుగుతుంది. అడుగున ఉల్లిపాయ తియ్యగా జామ్‌లా మిగులుతుంది. నిమ్మకాయ పిండుకుని తినాలి. రెండు రోజులుగా బన్నులు, బంగాళాదుంప వేపుళ్లతో నెట్టుకొస్తున్న శాకాహారుల ముఖాలు ఆ కుండ దగ్గర వెలిగాయి. ఇది ఆదివారం వంటకం, కాబట్టి చాలాచోట్ల మిగతా రోజుల్లో దొరకదు, మధ్యాహ్నం రెండు దాటితే అయిపోతుంది. ఆగస్టు 1 నుంచి 14 వరకు మేరీమాత పండుగ ముందు ఉపవాసం. మాంసం, పాలు, గుడ్లు లేని వంటలు కావాలంటే "నిస్తిసిమో" అని అడగండి, తేలిగ్గా అర్థం చేసుకుంటారు. ఆ జాబితాలో రొయ్యలు, ఆక్టోపస్ కూడా వస్తాయి, కాబట్టి పూర్తి శాకాహారులు అది విడిగా చెప్పాలి.

ఆగస్టు 15 పండుగ నాడు చర్చి నిండిపోతుంది, మేరీమాత పటం ఊరేగింపుగా పారికియా వీధుల్లోకి వస్తుంది. కట్టడం చూడాలనుకునేవాళ్లు ఆ వారం రావొద్దు. గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి, రాళ్ల దగ్గర నిలబడే చోటు దొరకదు. పండుగ చూడాలనుకునేవాళ్లు మాత్రం నెలల ముందే గది పట్టుకోవాలి. కట్టడం కోసమైతే మే చివర, లేదా సెప్టెంబర్ రెండో సగం.

సమయం మిగిలితే ఈ రాయి పుట్టిన చోటు చూడొచ్చు. మరాథి గనులు పారికియా నుంచి ఐదు కిలోమీటర్లు, లెఫ్కెస్ వైపు వెళ్లే బస్సు ఆ దారినే పోతుంది. టికెట్ రెండు యూరోల దగ్గర, ఎక్కే ముందే స్టాండులో కొనాలి. ప్రాచీనులు దీపాల వెలుగులో భూమి లోపలికి సొరంగాలు తవ్వి తీసిన తెల్లరాయి ఇది. వీనస్ డి మిలో విగ్రహం పారోస్ రాతితోనే చెక్కారు. సొరంగం నోటి దగ్గర దాకా వెళ్లి చూడండి, లోపలికి దిగొద్దు. నేల జారుడు, రాతి పొట్టు కాళ్ల కింద కదులుతుంది, దీపం లేదు, కాపలా లేదు. చెప్పులతో వెళ్లినవాళ్లు గట్టు మీదే ఆగిపోవాలి, బూట్లుంటేనే దగ్గరికి పోవాలి. తిరుగు బస్సు వేళ దిగేటప్పుడే డ్రైవర్‌ని అడిగి తెలుసుకోండి. అక్కడ నీడ లేదు, నీళ్లు దొరకవు.